షియాన్‌లో ఒక్క రోజు చాలా? అక్కడ మనకి తిండి దొరుకుతుందా?

అమ్మానాన్నలతో బీజింగ్ వెళ్తున్నాం, మట్టి సైనికుల (చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన టెర్రకోటా బొమ్మల సైన్యం) కోసం షియాన్‌లో ఒక్క రోజు ఆగితే సరిపోతుందా, అక్కడ మనం తినగలిగేది ఏమైనా ఉంటుందా, పచ్చళ్ళు ఎన్ని పట్టుకెళ్ళాలి అని అడిగారు. ఒక్క రోజు చాలదు. పచ్చళ్ళు అసలు అక్కర్లేదు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను ఉద్యోగం మీద కొన్నేళ్ళు చైనాలో ఉన్నాను. మా వాళ్ళు ఎవరొచ్చినా షాంఘై మేడలు చూపించమంటారు, నేను పట్టుబట్టి షియాన్ రైలెక్కిస్తాను. బీజింగ్ నుంచి హైస్పీడ్ రైల్లో నాలుగు గంటల పైనుంచి ఆరు గంటల దాకా పడుతుంది, రైలుని బట్టి. చైనాలో ఒకే ఒక్క పాత ఊరు చూసే వీలుంటే అది షియాన్ కావాలని నా గట్టి అభిప్రాయం, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

ముందు నా కోపం చెప్పేస్తాను. మన వైపు నుంచి వచ్చే ప్యాకేజీ టూర్లు ఈ ఊరికి చేసే అన్యాయం ఇంతా అంతా కాదు. మా ఊరి వాళ్ళు కొంతమంది అలాగే వచ్చారు. పొద్దున దిగారు, బస్సెక్కించి మట్టి సైనికుల దగ్గర గంటన్నర తిప్పారు, అక్కడి నుంచి ఒక జేడ్ రాళ్ళ షాపులో రెండు గంటలు కూర్చోబెట్టారు, సాయంత్రం ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో పనీర్ బటర్ మసాలా పెట్టి రాత్రికి రైలెక్కించారు. వాళ్ళు ఇంటికెళ్ళి "చైనాలో తినడానికి ఏమీ లేదండీ, పాములూ తేళ్ళే" అని ఊరంతా చెప్పారు. పాములు ఎక్కడ చూశారు అని అడిగితే యూట్యూబ్‌లో అట. ఆ ఊళ్ళో వాళ్ళు ఒక్క ముద్ద కూడా ఆ ఊరి తిండి తినలేదు. వేలకు వేలు పోసి అంత దూరం వెళ్ళి, వాసన కూడా చూడకుండా తిరిగొచ్చి తీర్పు చెప్పేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు తిండి సంగతి. షియాన్ గోధుమ దేశంలో ఉంది. అక్కడ అన్నం కన్నా రొట్టె, నూడుల్స్ ఎక్కువ. ఊరి నడిబొడ్డున బెల్ టవర్, దాని పక్కనే డ్రమ్ టవర్, రెండూ 14వ శతాబ్దం చివర్లో మింగ్ రాజుల కాలంలో కట్టినవి. డ్రమ్ టవర్ కింద నుంచి అటు దాటితే ముస్లిం వీధులు మొదలవుతాయి. హుయ్ ముస్లింలు అక్కడ తరతరాలుగా ఉంటున్నారు, సిల్క్ రోడ్డు మీద వ్యాపారానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళ వారసులు. కాబట్టి ఆ వీధుల్లో పంది మాంసం ఉండదు, మందు కూడా మామూలుగా ఉండదు. చైనాలో మనవాళ్ళకి ఉండే టెన్షన్‌లో సగం అక్కడే పోతుంది. గొడ్డు మాంసం మాత్రం ఉంటుంది, అది తినని వాళ్ళు ఆర్డర్ చెప్పేటప్పుడే 'యాంగ్‌రో' అని గట్టిగా చెప్పాలి, అంటే గొర్రె మాంసం. 'న్యూరో' అంటే గొడ్డు మాంసం. ఈ రెండు మాటలు వస్తే చాలు.

ఒకసారి మా బాబాయ్ వచ్చాడు. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళ పైన వ్యాపారం చేసిన మనిషి. గుంటూరు తేజ మిర్చి చైనాకి ఎంత వెళ్తుందో యార్డులో ఎవరినడిగినా చెప్తారు, ఆ పని మీదే వచ్చాడు. వస్తూ వస్తూ గోంగూర, ఆవకాయ, కందిపొడి, ఒక చిన్న కరెంటు కుక్కర్ కూడా తెచ్చుకున్నాడు. నేను ఏమీ అనలేదు. పొద్దున్నే హోటల్ గదిలో అవి బయటికి తీయకముందే సాజిన్‌చావ్ వీధికి తీసుకెళ్ళాను. పర్యాటకులందరూ బెయ్‌యువాన్‌మెన్ అనే పెద్ద వీధిలోనే తోసుకుంటుంటారు, అక్కడ ఎక్కువగా పుల్లకి గుచ్చిన స్క్విడ్లు, దానిమ్మ రసం, ఫోటోలు దిగే జనం. ఊరివాళ్ళు తినేది సాజిన్‌చావ్ వైపు, అదీ పొద్దున పూట.

మేము వెళ్ళింది పావ్‌మో అమ్మే చిన్న అంగడి. బల్ల దగ్గర కూర్చోగానే ఒక పెద్ద ఖాళీ గిన్నె, అందులో రెండు గుండ్రటి గట్టి రొట్టెలు పెట్టి వెళ్ళిపోతారు. అంతే. కూర లేదు, పులుసు లేదు. బాబాయ్ నా మొహం చూసి "ఏరా, ఇదేనా టిఫిను?" అన్నాడు. ఆ రొట్టెని మనమే చేత్తో చిన్న చిన్న ముక్కలుగా తుంచుకోవాలి, తుంచాక గిన్నె మళ్ళీ వంటింట్లోకి వెళ్తుంది, అప్పుడు వాళ్ళు గొర్రె ఎముకల పులుసులో ఆ ముక్కల్ని ఉడికించి తెస్తారు. ఎవరి గిన్నె ఎవరిదో కలిసిపోకుండా ఒక నంబరు బిళ్ళ ఇస్తారు. ఇదంతా చెప్తే బాబాయ్ సరేనని చకచకా చపాతీ తుంచినట్టు పెద్ద పెద్ద ముక్కలు వేసేసి గిన్నె పక్కకు నెట్టాడు.

అదే బల్లకి ఎదురుగా ఒక ముసలాయన, తెల్లటి గుండ్రటి టోపీ, తన గిన్నె తను తుంచుకుంటున్నాడు. బాబాయ్ గిన్నెలోకి తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు. చెయ్యి చాచి బాబాయ్ వేసిన ముక్క ఒకటి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చిదిమి, ఆ చిదిమినదాన్ని మళ్ళీ రెండు చేసి చూపించాడు. శనగ గింజ కన్నా చిన్నది. బాబాయ్ నా వైపు చూశాడు. ఆయన మాత్రం వదల్లేదు, గిన్నె వైపు వేలు చూపించి మళ్ళీ చెయ్యి అన్నట్టు సైగ చేశాడు. నేను ఫోన్‌లో అనువాదం పెట్టి ఎందుకని అడిగితే, ముక్క పెద్దదైతే లోపలికి పులుసు దిగదు, పైగా ముక్క సైజు చూసే వంటవాడు ఎంత పులుసు పొయ్యాలో, ఎంతసేపు ఉంచాలో నిర్ణయిస్తాడు అని చెప్పాడు. పెద్ద ముక్కలు వేస్తే వంటవాడు ఇతను బయటి ఊరివాడు అనుకుని ఏదో ఒకటి చేసి పంపిస్తాడట.

ఇక చూడాలి బాబాయ్‌ని. పౌరుషం వచ్చేసింది. చొక్కా చేతులు మడిచి ఆ రెండు రొట్టెల్నీ గింజల్లాగే చేశాడు, ముప్పావు గంట పట్టింది. మధ్యలో ఆ ముసలాయనా ఈయనా మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఒకరిది తెలుగు, ఒకరిది షియాన్ యాస, నా ఫోన్ రెండింటికీ మధ్య తిప్పలు పడుతోంది. ఎంతమంది పిల్లలు, ఏం వ్యాపారం, మోకాళ్ళ నొప్పులున్నాయా, అన్నీ అయ్యాయి. గుంటూరు మిరపకాయ అని ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఆయన బల్ల మీదున్న కారం ముద్ద గిన్నె బాబాయ్ ముందుకు జరిపాడు. బాబాయ్ వేలితో కాస్త తీసి నలిపి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని "తేజ కాదురా ఇది. ఘాటు తక్కువ, రంగు బ్రహ్మాండం. మన బ్యాడిగి వైపు పోతుంది" అన్నాడు. ఆ చుట్టుపక్కల పండే పొడుగు మిరపకాయకి ఎర్ర రంగే పేరు, కాబట్టి మా బాబాయ్ నాలుక సరిగ్గానే పట్టింది.

గిన్నె వచ్చింది. పలచటి సేమ్యాలాంటి తీగలు, పైన గొర్రె మాంసం ముక్కలు, కొత్తిమీర. పక్కన తీపిగా ఊరబెట్టిన వెల్లుల్లి గడ్డ. బాబాయ్ చెంచా పెట్టి కలపబోతే ముసలాయన మళ్ళీ ఆపాడు. కలపకూడదు, అంచు నుంచి కొంచెం కొంచెంగా తినుకుంటూ రావాలి, కలిపితే వేడి పోతుంది, రొట్టె ముద్దవుతుంది. అలాగే తిన్నాడు. గిన్నె అడుగు దాకా తిన్నాడు. ఆ రోజు తర్వాత కుక్కర్ బయటికి రాలేదు, ఆవకాయ సీసా నా ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాడు, అది నేను హాయిగా తిన్నాను.

ఇప్పుడు చాలా అంగళ్ళలో మరతో కోసిన ముక్కలు రెడీగా పెడుతున్నారు. దయచేసి అది తీసుకోకండి. తొందరగా అయిపోతుంది, నిజమే, కానీ ఆ ముప్పావు గంటే అసలు సంగతి. ముక్కలు తుంచుతూ కూర్చుంటేనే పక్కవాడు మాట్లాడతాడు.

కారం విషయంలో మాత్రం మనవాళ్ళు ఆ ఊళ్ళో దిగులు పడాల్సిన పనే లేదు. బెల్టంత వెడల్పుండే బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ మీద మిరపకారం కుప్పగా పోసి, పైన సలసల కాగే నూనె పోస్తారు, మనింట్లో తాలింపు వేసినప్పుడు వచ్చే చప్పుడే వస్తుంది. షియాన్ ఉన్న షాన్‌షీ రాష్ట్రం వింతలు అని వాళ్ళు చెప్పుకునే ఎనిమిదింటిలో ఒకటి, నూనె పోసిన కారాన్ని విడిగా ఒక కూరగా లెక్కేసుకోవడం. కారాన్ని కూరగా తినే జనంతో గుంటూరువాడికి పడకపోతే ఇంకెవరితో పడుతుంది? పచ్చి వెల్లుల్లి రెబ్బలు కొరుక్కుంటూ నూడుల్స్ తింటారు, ఆఖర్న నూడుల్స్ ఉడికించిన నీళ్ళు తాగుతారు. నా లెక్కలో తెలుగువాడికి ఢిల్లీ తిండి కన్నా షియాన్ తిండి దగ్గర.

శాకాహారులైతే లియాంగ్‌పి అడగండి. చల్లటి వెడల్పాటి నూడుల్స్ పట్టీలు, పైన దోసకాయ తురుము, వెనిగర్, కారం నూనె. మాంసం ఉండదు. పొద్దున పూట జెంగ్‌గావ్ అని జిగురు బియ్యం, ఖర్జూరాలు, చిక్కుడు గింజలు పొరలు పొరలుగా ఆవిరి మీద ఉడికించి అమ్ముతారు, తియ్యగా ఉంటుంది, అమ్మకి నచ్చుతుంది చూడండి. లోపల తీపి పూర్ణం పెట్టి నూనెలో వేయించే పెర్సిమన్ పండు అట్లు కూడా ఉంటాయి, ఆ పండు మట్టి సైనికులున్న లింతోంగ్ వైపుదే. కానీ నూడుల్స్ దగ్గర జాగ్రత్త, 'మాంసం వద్దు' అంటే ముక్కలు తీసేసి మాంసం పులుసే పోస్తారు. పులుసు కూడా వద్దని చైనీస్‌లో ఫోన్ మీద రాసి చూపించండి.

చూడాల్సినవి. మట్టి సైనికులు ఊరికి తూర్పున దాదాపు 40 కిలోమీటర్లు. 1974లో బావి తవ్వుతున్న రైతులకి దొరికాయి. మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్ చీ స్టేషన్ దాకా వెళ్ళి అక్కడ బస్సెక్కితే చాలు, రైల్వే స్టేషన్ బయట చెయ్యి పట్టుకుని లాగే వాళ్ళ బళ్ళు ఎక్కకండి. అందరూ బొమ్మలు బయటపడ్డ గుంటల్లో 1వ దాని దగ్గర సెల్ఫీలు దిగి వెనక్కి వచ్చేస్తారు. 2వ గుంట దగ్గర అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు, వెనక్కి వెళ్ళి వాడి చెప్పు అడుగు చూడండి. కుట్లు కనిపిస్తాయి, ముందూ వెనకా దగ్గర దగ్గరగా, మధ్యలో కాస్త దూరం దూరంగా. ఎవరూ చూడరని తెలిసి కూడా 2,200 ఏళ్ళ కింద ఒక కుమ్మరి అంత శ్రద్ధ పెట్టాడు. నాకు ఆ వేల మంది సైనికుల కన్నా ఆ ఒక్క అడుగే ఎక్కువ.

ఇంకోటి, ఇది మాత్రం తెలుగువాళ్ళు వదలకూడదు. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివిన హుయాన్‌త్సాంగ్ గుర్తున్నాడా? ఆయన మన ధాన్యకటకం, అంటే అమరావతి దాకా వచ్చి అక్కడి భిక్షువుల దగ్గర చదువుకుని వెళ్ళినవాడు. 645లో ఈ ఊరికే తిరిగొచ్చాడు, 657 గ్రంథాలతో. వాటిని భద్రం చెయ్యడానికి 652లో కట్టించినదే పెద్ద హంస గోపురం. తర్వాత తిరగ్గట్టారు, ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్లు. ముందు ఆయన విగ్రహం ఉంటుంది. అద్దె పట్టుబట్టలు కట్టుకుని ఫోటోలు దిగే అమ్మాయిలతో ఆ చుట్టుపక్కలంతా సాయంత్రం నడవడానికి చోటుండదు, పొద్దున్నే వెళ్ళండి. అమరావతి స్తూపం పక్కనే పుట్టి పెరిగి ఈ సంగతి తెలియనివాళ్ళు ఎంతమందో, మన స్కూళ్ళలో ఒక్క లైన్‌లో తేల్చేశారు. బాబాయ్ ఆ విగ్రహం ముందు చాలాసేపు నిలబడ్డాడు, "మా అమ్మమ్మది అమరావతే" అని పక్కన ఉన్న చైనా వాళ్ళకి తెలుగులోనే చెప్పాడు.

ముస్లిం వీధుల్లోనే పెద్ద మసీదు కూడా చూడండి, గుమ్మటం ఉండదు, ఒకదాని వెనక ఒకటి చైనా గుడి ప్రాంగణాల్లా ఉంటాయి. ప్రార్థన మందిరం లోపలికి మనల్ని పంపరు, బయట నుంచి చూడొచ్చు.

పెట్టుకోవాల్సింది కనీసం మూడు రోజులు. ముఖ్యమైనవాటికి పాస్‌పోర్ట్ నంబరుతో ముందే బుకింగ్ చేసుకోవాలి, షాన్‌షీ చరిత్ర మ్యూజియం టికెట్లు చాలా త్వరగా అయిపోతాయి, పైగా సోమవారం సెలవు. అక్టోబర్ మొదటి వారం వాళ్ళ జాతీయ సెలవులు, అప్పుడు మాత్రం పొరపాటున కూడా వెళ్ళొద్దు. అలీపే అనే చెల్లింపుల యాప్ ఇక్కడే ఫోన్‌లో పెట్టుకుని కార్డు జోడించుకోండి, గూగుల్ మ్యాప్స్ మీద ఆధారపడకండి. ఊరి చుట్టూ మింగ్ కాలం గోడ 13.7 కిలోమీటర్లు, పైన సైకిళ్ళు అద్దెకిస్తారు. నాన్నగారికి సైకిల్ కష్టమైతే బ్యాటరీ బండి కూడా తిరుగుతుంది, దక్షిణ ద్వారం దగ్గర ఎక్కించండి.