లేబుల్ పైన, బాక్సు కింద

తమ్ముడూ,

వెబ్ పేజీలో ఫారం ఎట్లా అమర్చాలో చెప్తూ నువ్వు రాసిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. పేజీని వరసలుగా, కాలమ్‌లుగా పంచే గ్రిడ్ మీద రాసిన పేరా బాగుంది. కానీ బాక్సులో ఏం నింపాలో చెప్పే లేబుల్‌కి 120 పిక్సెల్స్ వెడల్పు బిగించేసి, అందులో 'నేమ్', 'సిటీ' పెట్టి అంతా చక్కగా కూర్చుందని చూపించావే, అక్కడ కోపం వచ్చింది. తెలుగువాళ్ల కోసం రాస్తూ తెలుగు లేబుల్ ఒక్కటి కూడా పెట్టి చూడలేదా? 'తండ్రి లేదా సంరక్షకుని పేరు' అని పెట్టు, మూడు లైన్లకి విరుగుతుంది. 'రాష్ట్రం' అని పెట్టి లైన్‌కి ఎంత ఎత్తు ఇవ్వాలో చెప్పే లైన్ హైట్ 1 ఇవ్వు, ష కింది వత్తులు బాక్సు గీతకి తగులుతాయి. 1.6 ఇస్తే ఊపిరాడుతుంది.

నా మాట విను, లేబుల్ పైన ఉండాలి, బాక్సు దాని కింద. ఫోన్‌లో పక్కపక్కన పెట్టే చోటే లేదు. పెద్ద తెర మీద పక్కనే కావాలంటే తెర వెడల్పుని బట్టి అమరిక మార్చే మీడియా క్వెరీ రాసి మొదటి కాలమ్‌కి మాక్స్-కంటెంట్, రెండోదానికి మిగిలిన చోటంతా ఇచ్చే 1ఎఫ్‌ఆర్ ఇవ్వు, అన్నిటికంటే పొడుగాటి లేబుల్ ఎంతుంటే కాలమ్ అంతే తీసుకుంటుంది. 2017లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకి గ్రిడ్ వచ్చింది, అంతకుముందు టేబుళ్లతో, ఫ్లోట్లతో మేం పడ్డ అవస్థ నీకెందుకు?

ఇక లేబుల్ తీసేసి, బాక్సు లోపల కనిపించే ప్లేస్‌హోల్డర్‌లో లేత బూడిద రంగు అక్షరాలు పెడితే నీట్‌గా ఉంటుందన్నావు. ఈ ఫ్యాషన్ అంటే నాకు ఒళ్లు మంట. ఒక్క అక్షరం కొట్టగానే మాయమైపోయేది లేబుల్ ఎట్లా అవుతుంది?

ఒంగోలు కర్నూలు రోడ్డులో నెట్ సెంటర్ నడిపే రోజుల్లో చీమకుర్తి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, గ్రానైట్ క్వారీలో కూలీ. తనే నింపుతానని మౌస్ పట్టుకుని, 'పురుషుడు' అన్న మాట మీదే నొక్కుతున్నాడు. పక్కనున్న ఆవగింజంత గుండ్రం మీద నొక్కాలని ఆయనకెట్లా తెలుస్తుంది? నాలుగైదుసార్లు నొక్కి, 'నాకు చేతకాదులే అబ్బాయా' అని లేచిపోయాడు. ఆ ఫారం రాసింది నేనే. లేబుల్‌లో అది ఏ బటన్‌దో చెప్పే ఫర్ రాసి, దాన్ని ఆ గుండ్రానికి పెట్టిన ఇన్‌పుట్ ఐడీతో కలిపుంటే మాట మీద నొక్కినా ఆ గుండ్రం ఎంపికయ్యేది.

ఇదే సంగతి రాసి ఒక పత్రికకి పంపితే, ఫర్ ఉన్న లైన్లు రిపీట్ అవుతున్నాయని ఎడిటర్ కొట్టేశాడు. అచ్చయిన కోడ్ పనిచెయ్యట్లేదని చదివినవాళ్లు నాకు ఉత్తరాలు రాశారు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. నీ వ్యాసంలో ఆ లైన్ తీసేస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

ముందు ఆ 120 తీసెయ్. ఉదాహరణలన్నీ తెలుగులోకి మార్చి, మీ అమ్మ ఫోన్‌లో తెరిచి ఆమె చేతికియ్యి. ఆమె వేలు ఎక్కడెక్కడ పడుతోందో పక్కన కూర్చుని చూసి, అప్పుడు మళ్లీ పంపు.