గేటు ముందు నినాదాలు

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మేం వెళ్లే చర్చి గేటు దగ్గర నెల రోజులుగా ప్రతి ఆదివారం కొందరు మైకు పెట్టి మా మతానికి వ్యతిరేకంగా నినాదాలు చేస్తున్నారు. గేటుకు అడ్డంగా నిలబడి, లోపలికి పోయేవాళ్ల ముఖాలు సెల్‌ఫోన్లలో తీస్తున్నారు. డెబ్బై రెండేళ్ల మా అమ్మ పోయిన వారం గేటు దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయింది. కంప్లైంట్ ఇద్దామంటే, ‘సమ్మెలో నువ్వూ అరిచావు కదక్కా, ఆ హక్కు వాళ్లకు లేదా?’ అంటున్నాడు మా తమ్ముడు. ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: చెల్లెమ్మా, మీ తమ్ముడి మాటలో సగం నిజం ఉంది. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు వాళ్లకూ ఉన్నాయి. మీ నమ్మకం తప్పని వాళ్లు అనొచ్చు. వినడానికి మీకు కష్టంగా ఉన్నా సరే.

మిగతా సగం మీ అమ్మగారిది. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో మీరు నిలదీసింది జీతం పెంచగలిగిన ప్రభుత్వాన్ని. మీ అమ్మగారు ఎవరి జీతమూ ఆపలేదు. ప్రార్థన చేసుకోవడానికి వచ్చారు, అంతే. 25వ అధికరణం ఆమెకిచ్చిన హక్కు అది.

తిరుపతిలో ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక గుడి వాకిట ధర్నా జరిగింది. కూర్చున్నవాళ్లు నా క్లయింట్లే, వాళ్ల డిమాండూ న్యాయమైనదే. కొబ్బరికాయ సంచితో వచ్చిన ఒక ముసలమ్మ దారి లేక మెట్ల దగ్గర నిలబడిపోయింది. రోడ్డుకు అవతలి పక్క కూర్చోమని నా వాళ్లకు చెప్పాను. నా మీద కోప్పడ్డారు, కానీ జరిగారు. నినాదాలు అక్కడినుంచీ బాగానే వినిపించాయి. ఆ ముసలమ్మ ముఖం నాకింకా గుర్తే.

చట్టం కూడా గీత అక్కడే గీస్తుంది. ప్రార్థనకు కూడినవాళ్లను కావాలని భంగపరిస్తే భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు పడొచ్చు. మనిషిని వెళ్లనీయకుండా దారి కట్టేస్తే 126వ సెక్షన్ ఉంది. మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి. మాట స్వేచ్ఛకు ఎంతో విలువిచ్చే అమెరికాలోనూ ప్రార్థనాస్థలం దగ్గర బలప్రయోగంతోనో, బెదిరించో, దారి మూసో భక్తులను అడ్డుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. ఊరికే నినాదం చేయడం అక్కడా నేరం కాదు.

అయితే వాళ్లను పూర్తిగా నిషేధించమని మాత్రం రాయకండి. రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 1ను మన హైకోర్టు అదే ఏడాది మేలో కొట్టేసింది. అలాంటి నిషేధం ఉంటే రేపు మీ యూనియన్‌కూ రోడ్డు దొరకదు. మీరు అడగాల్సింది చోటు, దూరం: గేటుకు ఎదురుగా కాకుండా అవతలి పక్క నిలబడాలని, ఆరాధన జరిగే గంటల్లో మైకు ఉండకూడదని.

ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు గేటు దాటలేకపోయారో రాయండి. ముఖాలు తీస్తున్న సంగతీ చేర్చండి. నలుగురు సంతకాలు పెట్టి శనివారం లోపే స్టేషన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆదివారం అమ్మగారిని ఒంటరిగా పంపకండి, మీరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి.