తాయెత్తుతో గొడవ వద్దు, డాక్టర్‌కి చూపించడం ఆపొద్దు

అమలాపురం అక్కగారూ, మీ పంతొమ్మిదేళ్ల తమ్ముడు మూడు నెలలుగా కాలేజీ మానేసి, ఎదురింటివాళ్లు తన మాటలు వింటున్నారని తలుపులు వేసుకుంటున్నాడనీ, అమ్మగారు తాయెత్తు కట్టిద్దామంటున్నారనీ రాశారు. కట్టనివ్వండి, పోయేదేముంది. కానీ ఈ వారంలోనే సైకియాట్రిస్టుకి చూపించండి.

ఇది సైకోసిస్, అంటే లేనివి ఉన్నట్టు నమ్మే, వినిపించే మానసిక జబ్బు, మొదలు కావచ్చు, తేల్చాల్సింది డాక్టరే. వైద్యం లేకుండా గడిచే కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. అందుకే 1992లో మెల్‌బోర్న్‌లో, ఈ జబ్బుని మొదట్లోనే పట్టుకుని వైద్యం చేయడానికి ఎపిక్ అనే కేంద్రం పెట్టారు. మందులు, కౌన్సెలింగ్, ఇంటివాళ్లకు అవగాహన, చదువు మళ్లీ మొదలుపెట్టించడం, అన్నీ ఒకే బృందం చూస్తుంది. మనకి అలాంటిది దగ్గర్లో దొరకడం కష్టం, ఆ పని సగం మీ మీదే పడుతుంది.

ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. తర్వాత కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక విభాగానికి తీసుకెళ్లండి. నిద్ర ఎప్పట్నుంచి తగ్గింది, గంజాయి అలవాటుందా అన్నవి కాగితం మీద రాసుకెళ్లండి. గంజాయి సంగతి పరువు కోసం దాచకండి. మా బంధువులబ్బాయి విషయంలో మేం దాచి ఆరు నెలలు పోగొట్టుకున్నాం.

"ఎవరూ వినట్లేదురా" అని వాదించొద్దు. "నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం" అనండి, మావాడు ఆ మాటకే బండెక్కాడు. కాస్త తగ్గిందని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. చచ్చిపోతానంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.