ఏ ప్రాసెసర్ అన్నది తర్వాత, ముందు ఖాతాలో ఎన్ని నెలల ఖర్చుంది?

ప్రశ్న (పెద్ద ఉత్తరం, కుదించి వేశాను): నమస్తే అండీ. నాది విజయవాడ, వయసు 34. బిల్డర్లకి, ఇంటీరియర్ వాళ్ళకి ఫ్రీలాన్స్‌గా త్రీడీ రెండర్లు చేసిస్తుంటాను, త్రీడీఎస్ మ్యాక్స్, కరోనా రెండరర్ అనే సాఫ్ట్‌వేర్ల మీద. సగటున నెలకి లక్ష వస్తుంది, ఒక్కో నెల 40 వేలే. ఇప్పుడున్నది 2020లో కొన్న రైజెన్ 7 3700ఎక్స్ ప్రాసెసర్, ఎక్స్570 మదర్‌బోర్డు, 64 జీబీ ర్యామ్. స్లో అయిపోయింది. రెండు ఆప్షన్లు చూశాను. ఒకటి థ్రెడ్‌రిప్పర్ 9970ఎక్స్, 32 కోర్లు (చిప్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో మొత్తం సిస్టమ్‌కి 6.2 లక్షలు కొటేషన్ ఇచ్చారు. రెండోది వాడిన సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ 7742, 64 కోర్లు, బోర్డు ర్యామ్‌తో కలిపి 2.4 లక్షలకి ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకాయన ఇస్తానన్నాడు, 10 వేలు అడ్వాన్స్ కూడా వేశాను. థ్రెడ్‌రిప్పర్ అయితే మా ఆవిడ నగల మీద 3 లక్షలు, పర్సనల్ లోన్ 2 లక్షలు, మిగతా 1.2 లక్షలు క్రెడిట్ కార్డు ఈఎంఐ అనుకుంటున్నాను. బ్యాంకులో 1.2 లక్షలున్నాయి, ఒక బిల్డర్ దగ్గర్నించి 2.3 లక్షలు రావాలి. అమ్మానాన్న మాతోనే ఉంటారు, పాప యూకేజీ. ఇన్సూరెన్స్ ఇంకా తీస్కోలేదు. నెల ఖర్చుల లిస్టు కింద పెట్టాను. ఏది కొనమంటారు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, వస్తువు మాత్రం మారుతుంటుంది, ఒకరికి కెమెరా, ఇంకొకరికి డ్రోన్, మీకు ప్రాసెసర్. అందరూ అడిగేది ‘ఏది కొనాలి’ అనే, అప్పు చెయ్యాలా వద్దా అన్నది మాత్రం అప్పటికే ఇంట్లో తేల్చేసుకుని ఉంటారు, నన్ను అడిగేది మోడల్ నంబరే. మీ ఉత్తరాన్ని అందుకే ఎంచుకున్నాను.

మీరు కింద పెట్టిన ఖర్చుల లిస్టు కూడా ఒక కారణం. అద్దె 16 వేలు, ఇల్లు గడవడానికి 22, పాప స్కూలు, వ్యాను కలిపి 7, నాన్నగారి మందులు 5, బండి ఈఎంఐ 4, చీటీ 5, కరెంటు, నెట్, సాఫ్ట్‌వేర్ 7. మొత్తం 66 వేలు. అంటే మీ దగ్గరున్న 1.2 లక్షలు రెండు నెలలకి కూడా చాలవు. నెలనెలా జీతం పడేవాడికే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను నేను, మీకు ఒక నెల లక్ష, ఇంకో నెల 40 వేలు వస్తూ, బిల్డర్ ఎప్పుడిస్తాడో తెలీకుండా, ఇంట్లో ఆరేళ్ళు నిండని పాపా, పెద్దవాళ్ళిద్దరూ ఉండి, రెండు నెలల ఖర్చు కూడా చేతిలో లేకుండా 6 లక్షల మెషీన్ గురించి మాట్లాడుతున్నారు. మీకు కావాల్సింది తక్కువలో తక్కువ 4 లక్షలు. ప్రాసెసర్ కోసం కాదు, ఏమీ కొనకుండా ఊరికే ఉండాల్సిన 4 లక్షలు, అదే ఎమర్జెన్సీ ఫండ్.

ఇప్పుడు మీ అప్పుల ప్లాన్ చూద్దాం. పర్సనల్ లోన్ 2 లక్షలు 15 శాతం చొప్పున మూడేళ్ళకి వేస్తే నెలకి 6,933. కార్డు ఈఎంఐ 1.2 లక్షలు అదే 15 శాతానికి ఏడాదికి వేస్తే 10,831, పైన ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నగల మీద 3 లక్షలకి 10 శాతమే అనుకున్నా నెలకి 2,500 వడ్డీ. మొత్తం 20 వేలు దాటింది. అంటే మీ నెల ఖర్చు 66 కాదు, 86 వేలు. చాలామంది చూడనిది ఏంటంటే, ఈఎంఐ పెరిగితే ఎమర్జెన్సీ ఫండ్ కూడా పెరగాలి. 4 లక్షలు కావాల్సింది ఇప్పుడు 5 లక్షల పైచిలుకు అయింది, మీ దగ్గరున్నది మాత్రం అదే 1.2 లక్షలు, నెలన్నరకి సరిపోద్ది. 40 వేలొచ్చే నెలలు వరసగా రెండు తగిలాయనుకోండి, మూడో నెల క్రెడిట్ కార్డు మినిమమ్ కట్టి మిగతాది తోసేస్తారు, అక్కడ నెలకి 3.5 శాతం, కొన్ని కార్డుల్లో ఆ పైన కూడా పడుద్ది, ఆ గోతిలోంచి బయటికి రావడానికి లోన్ యాప్ వెతుక్కుంటారు. ఈ వరస నేను కొత్తగా చెప్తున్నది కాదు, మీ చుట్టుపక్కలే చూసుంటారు.

నగల లోన్ సంగతి వేరే చెప్పాలి. నెల నెలా వడ్డీ కట్టుకుంటూ పోతే చాల్లే అనుకుంటున్నారు కదా, ఏడాది తిరిగేసరికి అసలు 3 లక్షలు ఒకేసారి కట్టాలి, లేదా వడ్డీ తీర్చి తిరగరాయించుకోవాలి, అదీ వాళ్ళు ఒప్పుకుంటే. కట్టలేకపోతే వేలానికి పోయేది మీ ఆవిడ నగలు. ఆవిణ్ణి అడిగారో లేదో మీరు రాయలేదు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే రాత్రికి రాత్రి డబ్బు తెచ్చేది ఆ బంగారమే, ఇవాళ మీ ఇంట్లో ఎమర్జెన్సీ ఫండ్ అనేది ఏదైనా ఉందంటే అదొక్కటే, దాన్ని తీసుకెళ్ళి కోర్ల కింద పెడతానంటే నేను సరే అనలేను.

సరే, ప్రాసెసర్ల దగ్గరకొద్దాం. నేను హార్డ్‌వేర్ మనిషిని కాను కానీ మీలాంటి క్లయింట్లు ఉన్నారు కాబట్టి ఈ లెక్కలు చాలానే చూశాను.

ముందు ఆ వాడిన ఎపిక్. 64 కోర్లు అనగానే మీ 8 కోర్లకి ఎనిమిది రెట్లు అనుకుంటారు, కానీ అది 2019లో వచ్చిన చిప్, మామూలు వేగం (బేస్ క్లాక్) 2.25 గిగాహెర్ట్జ్, ఎంత ఎక్కినా 3.4. ఇవాళ్టి 16 కోర్ల రైజెన్ 9 9950ఎక్స్ 5.7 దాకా వెళ్తుంది, పైగా ఆర్కిటెక్చర్ కొత్తది. ఫైనల్ రెండర్‌లో ఆ 64 కోర్లు ఈ 16కి నాలుగు రెట్లు కాదు కదా, రెట్టింపు కూడా రావు. మరి రోజంతా మీరు చేసేదేంటి, మోడలింగ్, వ్యూపోర్ట్‌లో (స్క్రీన్ మీద) మోడల్‌ని తిప్పడం, మాడిఫయర్లతో ఆకారం మార్చడం, అక్కడ ఎక్కువ భాగం ఒక్క కోరే పని చేస్తుంది, ఆ టైములో మీ ఇప్పటి 3700ఎక్స్ కన్నా అదే స్లోగా అనిపిస్తుంది. సర్వర్ ప్రాసెసర్ తక్కువదని కాదు, అది పుట్టిందే వేరే పనికి, వందల జీబీ మెమరీతో 24 గంటలు డేటాబేసులు, వర్చువల్ మెషీన్లు నడపడానికి. మీ పని అది కాదు.

అసలు భయం అది కూడా కాదు. కొన్ని సర్వర్ కంపెనీలు తమ బోర్డులో పెట్టిన ఎపిక్ చిప్‌ని తమ బోర్డులకే లాక్ చేసేస్తాయి, లోపల ఫ్యూజులు ఒకసారి కాలిస్తే ఆ లాక్ మళ్ళీ తియ్యడం ఉండదు. ఇవాళ ఆ బోర్డు మీద నడుస్తుంది సరే, రేపు బోర్డు పోతే వేరే కంపెనీ బోర్డు మీద ఆ చిప్ లేవకపోవచ్చు. ఆయన మీకు వీడియో కాల్‌లో ఆన్ చేసి చూపించాడు అన్నారు, అది చాలదు. వారంటీ లేదు, బిల్లు లేదు. బోర్డు ఒక మంగళవారం పోయిందనుకోండి, విజయవాడలో ఏ షాపులోనూ దొరకదు, ఆన్‌లైన్‌లో వెతికి, డబ్బు ముందే కట్టి, వచ్చేదాకా వారాల తరబడి కూర్చోవాలి. ఆ వారాలు మీకు జీరో ఆదాయం. మామూలు డెస్క్‌టాప్ బోర్డు అయితే అదే రోజు కొనొచ్చు, మహా అయితే సీటీసీ నుంచి రాత్రి బస్సుకి వేయించుకోవచ్చు. నా లెక్కలో ఇది కూడా ఎమర్జెన్సీ ఫండ్ విషయమే. మెషీన్ మీద బతికేవాళ్ళకి ఆరు నెలల ఇంటి ఖర్చుతో పాటు మెషీన్ పాడైతే బాగుచేయించే డబ్బు కూడా అందులో ఉండాలి, చెడిపోతే దొరకని వస్తువు కొంటే ఆ ఫండ్ ఇంకా పెద్దదవ్వాలి. మీ దగ్గర మామూలుదే లేదు.

థ్రెడ్‌రిప్పర్ మంచి చిప్పే, అందులో వాదన లేదు. కాకపోతే అమెరికాలో లాంచ్ ధర చూడండి, 9950ఎక్స్ 649 డాలర్లు, 9970ఎక్స్ 2,499. కోర్లు రెట్టింపు, ధర దాదాపు నాలుగు రెట్లు. దానికి వేరే బోర్డు, సర్వర్లలో వాడే రకం రిజిస్టర్డ్ ర్యామే వెయ్యాలి, మీ దగ్గరున్న ర్యామ్ దేనికీ పనికిరాదు, 350 వాట్ల చిప్ కాబట్టి కూలర్, పవర్ సప్లై, యూపీఎస్ అన్నీ పెద్దవే. మూడు నాలుగు గ్రాఫిక్స్ కార్డులు పెట్టేవాళ్ళకి, చేతిలో ఏడాది కాంట్రాక్ట్ ఉన్న స్టూడియోకి ఓకే. షాపులో ‘ట్యాక్స్‌లో కలిసొస్తుంది’ అన్నారని రాశారు. మీరు వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపించే ప్రిజంప్టివ్ పద్ధతిలో రిటర్న్ వేస్తున్నారు, అందులో డిప్రిసియేషన్ (మెషీన్ తరుగుదల ఖర్చు) విడిగా వేసుకోవడం కుదరదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి సిస్టమ్ ధరలో కట్టే 18 శాతం జీఎస్టీ కూడా వెనక్కి రాదు. కలిసొచ్చేది షాపు వాళ్ళకే.

ఇప్పుడు నేను కొనమనేది చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు. మీ ఎక్స్570 బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు, అంటే సాకెట్, ఏఎమ్4 రకం. బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే అందులోనే 16 కోర్ల రైజెన్ 9 5950ఎక్స్ గానీ 5900ఎక్స్‌టీ గానీ పడుతుంది. ఉన్న 64 జీబీ ర్యామ్ అలాగే ఉంటుంది, ర్యామ్ ధరలు మండిపోతున్న ఈ టైములో అదే పెద్ద లాభం. మంచి కూలర్ కలిపినా సుమారు 40 వేలలో అయిపోద్ది, కోర్లు రెట్టింపవుతాయి, పాత చిప్ అమ్మితే ఎంతో కొంత వస్తుంది. కొనేముందు మీ బోర్డు కంపెనీ సైట్లో ప్రాసెసర్ లిస్టు ఒకసారి చూస్కోండి. ఏడాదికి రెండు మూడు సార్లు వాక్‌త్రూ యానిమేషన్లు వస్తాయన్నారు కదా, అవి డబ్బు తీసుకుని రెండర్ చేసిపెట్టే రెండర్ ఫార్మ్‌కి పంపండి, ఆ బిల్లు బిల్డర్ కొటేషన్లో విడిగా ఒక లైన్ పెట్టండి. ఏడాదిన్నర తర్వాత చేతిలో డబ్బుంటే అప్పుడు దాని తర్వాతి సాకెట్ ఏఎమ్5 మీద కొత్తది కట్టుకోండి, ఆ సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా నడుపుతామని ఈ చిప్‌లు చేసే ఏఎమ్‌డీయే చెప్పింది.

ఈ 40 వేలు కూడా ఇవాళ బ్యాంకులో ఉన్న 1.2 లక్షల్లోంచి తియ్యొద్దు, బిల్డర్ డబ్బు వచ్చాక అందులోంచి తియ్యండి. ఆ 2.3 లక్షలు అడగడానికి మొహమాటపడుతున్నట్టు రాశారు, ‘మళ్ళీ పని ఇవ్వడేమో’ అని. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేస్కోండి, ఉచితం. అది ఉన్న చిన్న వ్యాపారికి ఒప్పందం రాసుకుంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని ఎంఎస్ఎంఈ చట్టమే చెప్తుంది, ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ. ఇది రిజిస్ట్రేషన్ చేసుకున్నాక చేసే పనులకే గట్టిగా నిలబడుద్ది, పాత బాకీ మాత్రం ఫోన్ చేసి అడగాల్సిందే. ఇకమీదట సగం అడ్వాన్స్ లేకుండా ఫైల్ ఓపెన్ చెయ్యకండి.

ఆ డబ్బొస్తే 1.2 ప్లస్ 2.3, మూడున్నర లక్షలు. ప్రాసెసర్‌కి 40 వేలు పోతే 3.1. మీకు సగటున నెలకి 34 వేలు మిగులుతుంది, అందులో ఇన్సూరెన్స్ పోను మిగతాది వేసుకుంటూ పోతే నాలుగైదు నెలల్లో 4 లక్షలకి చేరుతుంది. ఆ డబ్బు సగం స్వీప్ ఎఫ్‌డీలో (ఖాతాకి కలిపి ఉండి, కావాలంటే వెంటనే తీసుకోగలిగే డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పడేయండి, వేరే ఖాతాలో, యూపీఐ లింక్ చెయ్యని ఖాతాలో. షేర్లు, బంగారం స్కీములు, ఎస్ఐపీ, ఇవన్నీ ఆ తర్వాతే.

ఇన్సూరెన్స్: మీ ముగ్గురికీ కలిపి ఒకే 10 లక్షల హెల్త్ పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటర్), అమ్మానాన్నలకి విడిగా ఇంకోటి, మీ మీద కోటి టర్మ్ లైఫ్ పాలసీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి రేటు ఎక్కువన్న సాకు కూడా తగ్గింది. నాన్నగారి బీపీ సంగతి ఫారంలో దాచకండి. దీన్ని ఫండ్ నిండేదాకా వాయిదా వెయ్యొద్దు, ఈ నెలే.

చీటీ ఇప్పుడే పాడేయనా అని చివర్లో అడిగారు. వద్దు, తొందరపడి పాడితే తగ్గింపు రూపంలో వడ్డీ కట్టినట్టే. చివరిదాకా ఉంచి, వచ్చిన లక్ష ఏఎమ్5 సిస్టమ్‌కి పక్కన పెట్టుకోండి.

ఇక ఆ 10 వేల అడ్వాన్స్. ఇవాళే మెసేజ్ పెట్టి వెనక్కి అడగండి. మిగతాది కడితే గానీ ఇవ్వనంటే వదిలేయండి, దాని కోసం ఇంకో 2.3 లక్షలు పంపకండి.