మంజికర్ట్‌లో సైన్యం ఎంత?

ప్రశ్న: 1071లో ఇప్పటి తూర్పు టర్కీలోని మంజికర్ట్ దగ్గర జరిగిన యుద్ధానికి బైజాంటైన్ చక్రవర్తి నాలుగో రోమనస్ రెండు లక్షల మందితో వెళ్లాడని ఒకచోట, నలభై వేలేనని మరోచోట చదివాను. ఏది నమ్మాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: నేను నలభై వేల వైపే ఉంటానండీ. అదీ అంచనాయే. రెండు లక్షలన్నది అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ అల్ అసీర్ మాట. ఆయన రాసేనాటికి యుద్ధం జరిగి వందేళ్లు దాటిపోయింది. గెలిచిన సెల్జుక్ తురుష్క సుల్తాన్ ఆల్ప్ అర్స్లాన్‌ను గొప్పవాణ్ణి చెయ్యాలంటే ఓడినవాళ్ల సంఖ్య పెంచితే చాలు.

నేను లెక్కల వైపు నుంచి చరిత్రలోకి వచ్చినవాణ్ణి. అందుకే మొదట జీతాలు చూస్తాను. 811లో యూకైటా అనే ఊరి దగ్గర, అర్మేనియాకోన్ అనే బైజాంటైన్ రాష్ట్రపు సైన్యానికి జీతాలుగా పంచాల్సిన 1,300 పౌన్ల బంగారాన్ని అరబ్బులు ఎత్తుకుపోయారని థియోఫనీస్ అనే బైజాంటైన్ సన్యాసి రాశాడు. అప్పటి పౌను తూకం బంగారానికి 72 నాణేలు. మొత్తం 93,600. ఆ సైన్యంలో 9,000 మంది ఉండేవారని అరబ్ భూగోళకారుడు ఇబ్న్ అల్ ఫకీహ్ చెప్పాడు. భాగించి చూడండి, తలకు పది నాణేల పైచిలుకు వస్తుంది. అధికారులకు ఎక్కువ, మామూలు సిపాయికి తక్కువ అనుకుంటే నమ్మదగ్గ జీతమే. ఒకరి రాత ఒకరు చూసి రాసినవాళ్లు కాదు, పైగా ఇద్దరివీ శత్రుదేశాలు. అయినా రెండు లెక్కలూ కలిశాయంటే నాకు ఎంత సంతోషమో!

ఇలాంటి లెక్కలతోనే చరిత్రకారుడు వారెన్ ట్రెడ్‌గోల్డ్ 9వ శతాబ్దం మధ్యనాటికి మొత్తం సైన్యం లక్షా ఇరవై వేలని తేల్చాడు. జాన్ హాల్డన్ లాంటి చరిత్రకారులు అంత ఒప్పుకోరు. ఎవరిది నిజమైనా, అది సామ్రాజ్యమంతటి జాబితా. జాబితాలో పేరున్న ప్రతివాడూ యుద్ధానికి బయలుదేరడు. మారిస్ చక్రవర్తి పేరిట ఉన్న యుద్ధగ్రంథం అయిదు నుంచి పదిహేను వేల సైన్యాన్నే తగిన సైన్యంగా చూస్తుంది. అంతకు మించితే గుర్రాలకు మేత, నీళ్లు దొరకడమే టెన్షన్.

మీరు చదివిన పుస్తకాలు ఇంకో సంగతి చెప్పాయో లేదో. రోమనస్ యుద్ధానికి ముందే తన బలగంలో పెద్ద భాగాన్ని సేనాని జోసెఫ్ టార్కనియోటిస్ వెంట అఖ్లాత్ కోట వైపు పంపేశాడు. వాళ్లు తిరిగి రాలేదు. కాబట్టి నలభై వేలు బయలుదేరినవాళ్ల లెక్క అనుకోండి. ఆగస్టు 26న మైదానంలో నిలబడి పోరాడినవాళ్లు అంతకన్నా బాగా తక్కువ.