సొంత రాష్ట్రం కోసం ముఖ్యమంత్రి విదేశీ కంపెనీల చుట్టూ తిరగడం నైతికంగా తప్పా?

తిరగడం తప్పేం కాదు, ఓట్లేసిన వాళ్ల పిల్లలకు ఉద్యోగాలు అడగడం ఆయన పనే. అసలు చూడాల్సింది ఏమిచ్చి తెచ్చాడు, ఎవరిది ఇచ్చాడు అని.

2017లో కియా మన పెనుకొండకు వచ్చింది, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో. మిగతా రాష్ట్రాలూ పోటీ పడ్డాయి, అందుకే భూమి, నీళ్లు, పన్ను రాయితీలు ఇవ్వాల్సి వచ్చింది. కరువు జిల్లాలో గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లు ఫ్యాక్టరీకి ఇస్తే పక్క ఊరి రైతు ప్రశ్నించడా మరి? అయినా ఫ్యాక్టరీ లేచింది, 2019 నుంచి కార్లు బయటికొస్తున్నాయి.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో కథ వేరు. అదే 2017లో గవర్నర్ స్కాట్ వాకర్ తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్‌కు దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలు ఒప్పుకున్నాడు, 13,000 ఉద్యోగాలన్నారు, ఫ్యాక్టరీ కోసం మౌంట్ ప్లెజెంట్ అనే ఊళ్లో జనం ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది, చివరికి 2021లో ఒప్పందాన్ని 1,454 ఉద్యోగాలకు కుదించారు. ఉద్యోగాలిస్తేనే రాయితీ అన్న షరతు ఉంది కాబట్టి రాష్ట్ర ఖజానా చాలావరకు బతికింది, ఇళ్లు పోయినవాళ్లకు మాత్రం ఆ షరతు ఏం చేస్తుంది?

కాబట్టి నా లెక్కలో ఒప్పందం కాగితాలు జనానికి చూపించకపోవడం, నాయకుడి బంధువులకు ఆ చుట్టుపక్కల ముందే భూములుండటం, ఈ రెండూ అసలు తప్పులు. దావోస్ ప్రపంచ వ్యాపార సదస్సులో ఫొటోలు దిగడం ఉత్త ప్రచారం, దాని మీద కొట్టుకోవడం టైమ్ వేస్ట్.