బ్యాటరీ మీద అంకెలు చూశారా మాస్టారూ?

ప్రశ్న: నేను రిటైరైన డ్రాయింగ్ మాస్టారిని. మా ఆవిడకి నడుం ఆపరేషన్ అయ్యాక పది అడుగులు వేస్తే చాలు, కూర్చోవాల్సిందే. డాలస్‌లో ఉన్న మావాడు పోయినసారి వస్తూ మడత పెట్టే మొబిలిటీ స్కూటర్ తెచ్చాడు. ఇప్పుడు గుడికీ, కూరల బజారుకీ తనే వెళ్లొస్తోంది. దసరా వెళ్లాక ఇద్దరం డాలస్ వెళ్తున్నాం. హైదరాబాద్ దాకా గౌతమి ఎక్స్‌ప్రెస్, అక్కణ్ణుంచి గల్ఫ్‌లో ఒకచోట విమానం మారాలి. టికెట్ తీసిన ఏజెంటు 'వీల్‌చైర్ పెట్టేశాను, టెన్షన్ పడకండి' అన్నాడు. మా బావమరిదేమో బ్యాటరీ చూడగానే లాగేసుకుంటారని భయపెడుతున్నాడు. ఎవరి మాట నమ్మమంటారు?
– ఒక పాఠకుడు, పిఠాపురం

జవాబు: మాస్టారూ, ముందు మీ ఏజెంటు సంగతి. అతను పెట్టింది ఎయిర్‌పోర్టు వాళ్ల వీల్‌చైర్, తోసే మనిషితో సహా. నడవగలిగినా దారి తెలియదనో, ఇంగ్లీషు రాదనో మనవైపు పెద్దవాళ్లు చాలామంది అది అడుగుతారు కాబట్టి ఏజెంట్లకి అలవాటైపోయింది. మీవెంట లిథియం బ్యాటరీతో నడిచే సొంత బండి వస్తోందన్న సంగతి ఆ ఒక్క మాటలో విమానం వాళ్లకి చేరదు. అది విడిగా చెప్పాలి, వాళ్లు ఒప్పుకున్నట్టు రాసి ఇవ్వాలి.

ఇక మీ బావమరిది. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పోయింది. బ్యాంకు ఉద్యోగం మానేశాక ఇలాంటి స్కూటరే కొనుక్కున్నాను. మొదటిసారి దాంతో ఢిల్లీ బయల్దేరినప్పుడు, కౌంటర్లో అమ్మాయి బ్యాటరీ తిప్పి చూసి 'ఇది ఎన్ని వాట్ అవర్లు మేడమ్?' అంది. బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్కట అది, నాకేం తెలుసు! వారం వారం తడిగుడ్డతో తుడిచి తుడిచి స్టిక్కర్ మీద అక్షరాలు నేనే చెరిపేశాను. స్కూటర్ మా తమ్ముడి కారులో ఇంటికి వెళ్లింది, నేను పెళ్లికి వెళ్లాను. మూడు రోజులూ ఎవరో ఒకరు తోస్తేనే కదిలాను. ఆ అమ్మాయిని తప్పుపట్టను.

కాబట్టి ఈ ఉత్తరం పక్కన పెట్టి, స్కూటర్ దగ్గరికి వెళ్లి ఆ స్టిక్కర్ చదవండి. వాట్ అవర్లు వేసి ఉంటే సరే. లేకపోతే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 25.2 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అని ఉంటే 252. తీసి పెట్టుకునే బ్యాటరీ అయితే 300 వాట్ అవర్ల దాకా అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకుంటాయి. ఒకేసారి రెండు బ్యాటరీలు పెట్టి నడిపే రకమైతే ఒక్కొక్కటీ 160 దాటకూడదు. 24 వోల్టులు, 15 ఆంపియర్ అవర్లు అని కనిపించిందా, అది 360. అలాగైతే మీ అబ్బాయితో చెప్పి చిన్న బ్యాటరీ తెప్పించుకోండి, వాదించి లాభం లేదు.

చిక్కంతా ఎక్కడ వస్తుందో చెప్తాను. మామూలు ప్రయాణికుల పవర్ బ్యాంకులకి 100 దాకా అడ్డులేదు, 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన కుదరదు. సెక్యూరిటీలో ఉన్నవాళ్లు రోజంతా చూసేది ఈ లెక్కే. 252 అని కనపడగానే పక్కన పెట్టేస్తారు. నడవలేనివాళ్ల బండికి 300 దాకా ఉన్న వెసులుబాటు ఆ క్షణాన అందరికీ గుర్తుండదు. అందుకే కాగితం.

విమాన సంస్థకి మెయిల్ పెట్టండి. 48 గంటల ముందు చెప్తే చాలంటారు గానీ, నేనైతే పదిహేను రోజుల ముందే రాస్తాను. స్కూటర్ బరువు, మడిచాక కొలతలు, బ్యాటరీ వాట్ అవర్లు, అది ఊడివస్తుందన్న సంగతి రాసి, స్టిక్కర్ ఫోటో జత చెయ్యండి. లిథియం బ్యాటరీని రవాణా చేయడం సురక్షితమేనా అని చూసే యూఎన్ 38.3 పరీక్షలో మీ బ్యాటరీ పాసైనట్టు ఒక పేజీ కాగితం ఉంటుంది, తయారీదారుణ్ణి అడిగితే ఇవ్వాలి. అదీ జత చెయ్యండి. స్కూటర్ విమానం తలుపు దాకా నడుపుకోనిస్తారా, దిగాక మళ్లీ తలుపు దగ్గరే ఇస్తారా అన్నది అదే మెయిల్లో అడగండి. ఇది ఎయిర్‌పోర్టుని బట్టి మారుతుంది. జవాబు మూడు ప్రతులు ప్రింటు తీయండి, ఎందుకంటే గల్ఫ్‌లో మళ్లీ సెక్యూరిటీ ఉంటుంది, అక్కడ మళ్లీ మొదటికే వస్తుంది. డబ్బుల గురించి మీరు అడగలేదు కానీ, స్కూటర్‌కి విడిగా చార్జీ ఉండదు, మీ సామాను కోటాలోనూ కలపరు.

ఆ రోజు స్కూటర్ కింద లగేజీలోకి పోతుంది, బ్యాటరీ మాత్రం మీ చేతి సంచిలో. బ్యాటరీకి కరెంటు వచ్చే లోహపు కొసల (టెర్మినళ్ల) మీద టేపు వేసి, దాని గుడ్డ సంచిలో పెట్టుకోండి. ఒక్కోసారి విమానం నిండిందని గేటు దగ్గర చేతి సంచులు కూడా అడిగి కిందికి పంపేస్తారు. అప్పుడు బ్యాటరీ తీసుకున్నాకే సంచి ఇవ్వండి. బటన్ నొక్కితే తనంతట తానే మడుచుకునే రకమైతే ఇంకో మాట: ముందు మడిచి, తర్వాత బ్యాటరీ తీయాలి. తొందరలో తిరగేసి చేసి, విప్పిన గొడుగులా నిలబడ్డ బండితో నేను పడ్డ పాట్లు మీకొద్దు.

బుట్ట, అద్దం లాంటివి ఊడదీసి పెట్టెలో పెట్టేయండి. మోటారు వదిలి చేత్తో తోసే లివర్ ఎక్కడుందో పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసి హ్యాండిల్‌కి కట్టండి. మీరు డ్రాయింగ్ మాస్టారు కదా, బొమ్మ కూడా వేయండి, అది ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. దెబ్బ తగిలి వస్తే ఎయిర్‌పోర్టు దాటకముందే రాయించాలి, ఎంత ఆలస్యమైనా ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు అందాలి. దేశాల మధ్య విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామానుకి ఇచ్చే పరిహారానికి పరిమితి ఉంది. 2024 డిసెంబరు చివరి నుంచి అది 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క), అంటే రెండు వేల డాలర్ల పైచిలుకు. మీ స్కూటర్ అంతకన్నా ఖరీదైతే, చెకిన్‌లోనే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టే వీలుందేమో అడగండి.

ఏజెంటు పెట్టిన వీల్‌చైర్ రద్దు చేయకండి. స్కూటర్ తలుపు దగ్గరికి రాకుండా సామాను బెల్టు దగ్గరికి పోతే అంతదూరం వెళ్లడానికి అదే దిక్కు.

ఇంకా టైముంది కాబట్టి, వరండాలో మీ ఆవిడచేతే మడిపించి, బ్యాటరీ తీయించి, మళ్లీ పెట్టించండి. సెక్యూరిటీలో ఆడవాళ్ల లైను వేరు, మీరు పక్కన ఉండరు. తాళంచెవి కూడా ఆవిడ పర్సులోనే ఉండనివ్వండి, మీ చొక్కా జేబులో కాదు.